మిస్టీరియస్లీ మాయమైన గుడ్లు

కొత్తగా ఇంగ్లీషు టీచర్లుగా చేరినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆ మధ్య మా ఇంటికి వచ్చి, "సార్, మీ అనుభవంలోంచి మాకేమైనా చెప్పండి" అన్నారు. చాయ్ తాగించి పంపించాను. చెప్పడానికి ఏమీ లేక కాదు. నా దగ్గర ఉన్నది, వాళ్ళకు శిక్షణలో చెప్పినదానికి పూర్తి వ్యతిరేకంగా ఉంది. చేరిన వారంలోనే భయపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. ఇప్పుడు వాళ్ళ ప్రొబేషన్ పూర్తయిందట. ఇక ఏం చెప్పినా ఉద్యోగం వదిలి పారిపోరు. కాబట్టి రాస్తున్నాను.

పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లోని జిల్లా పరిషత్ బడుల్లో నేను ఇంగ్లీషు చెప్పాను. పాత అని ఎందుకంటున్నానంటే, నేను అదే కుర్చీలో కూర్చుని ఉండగానే నా జిల్లా పేరు మారిపోయింది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, జీతం ఇంగ్లీషుకు. ఈ మూడో భాష మాట్లాడే అవకాశం ఆఫీసర్లు వచ్చినప్పుడు మాత్రమే దొరికేది.

ప్రమోషన్లు, బదిలీలు, పెన్షన్ లెక్కల గురించి రాయను. వాటి మీద యూనియన్ వాళ్ళు చాలా రాశారు, ఇంకా రాస్తారు. నేను ఒక్క మాట గురించి రాస్తాను. అది 'మిస్టీరియస్లీ'. నా సర్వీసులో నాకు బాగా అర్థమైన ఇంగ్లీషు మాట అదొక్కటే.

సొంత వాక్యం ఎవరి సొంతం

ప్రతి పాఠం చివర ఒక అభ్యాసం ఉంటుంది. ఈ కింది పదాలను మీ సొంత వాక్యాలలో ఉపయోగించండి అని. సొంత వాక్యం అంటే మన బడుల్లో గైడులో ఉన్న వాక్యం అని అర్థం. గైడు కొన్నది మనమే కాబట్టి వాక్యం కూడా మన సొంతమే. ఇందులో పిల్లల తప్పు లేదు. నిజంగా సొంతంగా రాసిన పిల్లవాడికి మార్కు తగ్గించే టీచర్లు, ఆ వాక్యం సరైనదో కాదో తేల్చుకోలేక తగ్గించేవాళ్ళు. గైడు వాక్యానికైతే ఆ సందేహం ఉండదు.

మిస్టీరియస్లీకి గైడులో ఉన్న వాక్యం ఇది: "ది ఓల్డ్ మ్యాన్ డిసప్పియర్డ్ మిస్టీరియస్లీ." ముసలాయన అంతుచిక్కకుండా మాయమయ్యాడు. నేను ఏ బడికి బదిలీ అయినా ఈ ముసలాయన నాకంటే ముందే అక్కడికి చేరుకుని, అక్కడి నుంచి కూడా మాయమయ్యేవాడు. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే కట్టకట్టకూ మాయమయ్యేవాడు. ఆయన ఎవరని, ఎందుకు పోయాడని, ఇంట్లోవాళ్ళు వెతికారా అని ఒక్కరూ అడగలేదు. మేము మార్కు వేసేవాళ్ళం, ఆయన పోయేవాడు.

ఏళ్ళ తరబడి నేనూ ఆ ముసలాయన్ని మర్యాదగా సాగనంపాను. ఈ మాటను నిజంగా ఎలా వాడాలో నాకు నేర్పింది గైడు కాదు, ఒక హెడ్మాస్టరు.

ఎవరి తప్పూ కాని మాట

నకిరేకల్ వైపు ఒక ఊళ్ళో పనిచేస్తున్నప్పటి సంగతి. బడికి కొన్ని కంప్యూటర్లు వచ్చాయి. వాటిని ఒక గదిలో పెట్టి, దుమ్ము పడకూడదని తాళం వేశారు. ఆ తాళం ఎంత బాగా పనిచేసిందంటే దుమ్ము పడలేదు, పిల్లలూ పడలేదు. కొంతకాలానికి గది తెరిచి చూస్తే బల్లలు మాత్రం ఉన్నాయి. తాళం తాళంలాగే ఉంది.

హెడ్మాస్టరు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఖాదర్ సాబ్, పైకి ఇంగ్లీషుల రిపోర్టు పంపాలె. జర మంచి మాట ఒకటి చెప్పు."

"ఎటువంటి మాట సార్?"

"పోయినయని తెల్వాలె. ఎవ్వరు తీస్కపోయిండ్రని మాత్రం రావద్దు. నేను పట్టించుకోలేదని అసలే రావద్దు."

ఇంగ్లీషు ఎంత గొప్ప భాషో నాకు ఆ రోజే తెలిసింది. "మిస్టీరియస్లీ అని పెట్టండి సార్" అన్నాను. ఆయన ఆ మాటను రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. కమ్మగా ఉన్నట్టుంది. రిపోర్టు పోయింది. పైనుంచి ఒక్క ప్రశ్న రాలేదు.

ఆ కంప్యూటర్లు ఎక్కడున్నాయో ఊరందరికీ తెలుసు. హెడ్మాస్టరుగారి బామ్మర్ది బస్టాండు దగ్గర ఇంటర్నెట్ షాపు పెట్టాడు. మా పిల్లలే అక్కడికి పోయి హాల్ టికెట్లు తీసుకునేవాళ్ళు. మానిటర్ వెనక మా బడి పేరు పెయింటుతో రాసి ఉందని ఒకడు నాకు సంతోషంగా చెప్పాడు. బడిలో ముట్టనివ్వని కంప్యూటరును వాడు అక్కడ ముట్టుకున్నాడు కాబట్టి, వాడి దృష్టిలో పథకం విజయవంతమైంది.

కొత్త టీచర్లూ, ఇది గుర్తుంచుకోండి. ఆఫీసులో ఎవరైనా మిమ్మల్ని మంచి ఇంగ్లీషు మాట అడిగితే, వాళ్ళకు కావలసింది ఇంగ్లీషు కాదు.

తొమ్మిదో తరగతి చెప్పిన అర్థం

ఆ తర్వాత నన్ను పాత మహబూబ్‌నగర్‌లో ఒక ఊరికి వేశారు. ఊరి పేరు చెప్పను. కొల్లాపూర్ బస్సు ఎక్కితే ఎక్కడో ఒకచోట వస్తుంది. తెలంగాణ వచ్చి, కొత్త జిల్లాలు ఇంకా సున్నం వాసన వేస్తున్న రోజులు. కొత్త ఆఫీసులు, కొత్త ఆఫీసర్లు, కొత్త కార్లు. బడి మాత్రం పాతదే.

తొమ్మిదో తరగతిలో మళ్ళీ మిస్టీరియస్లీ వచ్చింది. ఈసారి గైడు మూయించి, అర్థం చెప్పాను. "ఎట్లయిందో ఎవరికీ తెలియకుండా జరిగితే, అప్పుడు వాడే మాట."

వెనక బెంచీలో శీను అని ఒకడుండేవాడు. వాడు లేచి, "ఎవ్వలకు తెల్వకుండ ఏమైతది సారూ మన ఊర్ల? అన్నీ అందరికి ఎర్కనే ఉంటయి గద" అన్నాడు.

"అయితే ఈ మాట ఎప్పుడు వాడాలంటావురా?"

"అందరికి ఎర్కుండి ఎవ్వలు చెప్పనప్పుడు."

నిఘంటువు చేసేవాళ్ళు ఎవరూ ఈ ఊరికి రాలేదు కాబట్టి ఈ అర్థం ఎక్కడా అచ్చు కాలేదు. నేను మాత్రం దాన్నే ఖాయం చేశాను. ఆ గంటంతా పిల్లలు నోటితో వాక్యాలు చెప్పారు. ఇంగ్లీషు కొంచెం కుంటింది గానీ నిజం నిటారుగా నడిచింది. మా ఊరి కుంట మిస్టీరియస్లీ ప్లాట్లు అయింది. వీధి దీపం సర్పంచి ఇంటి ముందే మిస్టీరియస్లీ వెలుగుతుంది. వాగులో ఇసుక మిస్టీరియస్లీ హైదరాబాద్ పోతుంది. మా బాపు సాయంత్రం మిస్టీరియస్లీ హుషారుగా వస్తాడు. చివరిది చెప్పిన పిల్లవాడి బాపు ఎవరో అందరికీ తెలుసు కాబట్టి క్లాసు చాలాసేపు నవ్వింది.

స్వప్న అని ముందు బెంచీ పిల్ల ఒకతి ఉండేది. అందరికంటే ఇంగ్లీషు బాగా వచ్చేది. వాళ్ళమ్మ యాదమ్మ మా బడిలోనే మధ్యాహ్న భోజనం వండేది. స్వప్న ఆ రోజు వాక్యం చెప్పలేదు. "ఆలోచిస్తున్న సారూ" అంది. ఆలోచించే పిల్లల విషయంలో టీచర్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఇది మాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

వెంకటయ్య సారు పద్ధతి

ఆ బడి హెడ్మాస్టరు వెంకటయ్య సారు. పిల్లలు పెద్దసారు అనేవాళ్ళు. చెడ్డవాడు కాదు. ఇన్‌స్పెక్షన్ లేని రోజుల్లో చాలా మంచివాడు. ఇన్‌స్పెక్షన్ అంటే మాత్రం ఆయనకు పెళ్ళి చేసినంత పని. దాని కోసం ఆయన రెండు ఏర్పాట్లు చేసి ఉంచాడు.

మొదటిది చేతుల ఏర్పాటు. ఆఫీసరు ఏ ప్రశ్న అడిగినా క్లాసులో ప్రతి ఒక్కరూ చెయ్యి ఎత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి. తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతుల్లోంచి ఒకరిని లేపుతాడు. ఆఫీసరుకు క్లాసంతా చేతుల అడవిలా కనిపిస్తుంది. ఎడమ చేత్తో చాక్‌పీసు అందిస్తే కూడా తిట్లు పడే ఊళ్ళో, ఆఫీసర్ల ముందు సగం క్లాసు ఎడమ చెయ్యి ఎత్తి నిలబెట్టేది. ఏ ఒక్క ఆఫీసరూ గమనించలేదు. వాళ్ళు చేతులు ఉన్నాయా లేవా అని చూస్తారు గానీ, ఎటువైపువి అని చూడరు. మా బడికి ఏటా మంచి పేరు వచ్చేది. మేమందరం ఆ పేరు కింద చల్లగా కూర్చునేవాళ్ళం.

రెండోది భోజనం ఏర్పాటు. పిల్లలకు వారంలో కొన్ని రోజులు గుడ్డు పెట్టాలి. ఆఫీసర్లు వచ్చిన రోజు ఆ గుడ్లు పెద్దసారు గదికి కూరగా పోయేవి. ఆఫీసరుతో పాటు డ్రైవరు, ఆఫీసరుకు దారి చూపించడానికి వచ్చినవాళ్ళు, వాళ్ళను చూడటానికి వచ్చిన సర్పంచి, ఇంత మంది తినాలి. పిల్లలకు ఆ పూట పప్పుచారు. "గుడ్డు రేపు పెడ్తరు" అని చెప్పేవాళ్ళు. ఆ రేపు ఏ క్యాలెండరులో ఉందో నేను చూడలేదు.

కూర ఎక్కడి నుంచి వచ్చిందని అతిథి అడగడం మర్యాద కాదు. మన ఆఫీసర్లు చాలా మర్యాదస్తులు.

పొద్దుటి ప్రశ్న

ఆ సంవత్సరం వచ్చిన ఆఫీసరు కొత్తవాడు, కుర్రవాడు. చొక్కా నలగలేదు. అన్నీ మార్చేయాలన్న పట్టుదల ముఖంలోనే కనిపించింది. నా తొమ్మిదో తరగతికి వచ్చి రెండు మూడు ప్రశ్నలు అడిగాడు. చేతుల అడవి లేచింది. ఆయన మురిసిపోయాడు. వెంకటయ్య సారు వినయంగా నేల చూశాడు.

"గైడులో ఉన్నవి వద్దు" అన్నాడు ఆఫీసరు. "మీరే ఒక వాక్యం చెప్పాలి. చివరగా నేర్చుకున్న పదం ఏది?"

మిస్టీరియస్లీ అన్నారు పిల్లలు. ఆయనకు ఇంకా సంతోషమైంది. సర్కారు బడిలో ఇంత పెద్ద మాట వింటానని ఆయన అనుకోలేదు. నేను కుడి చేతుల్లోంచి స్వప్నను లేపాను. ఆ పిల్ల వాక్యం స్పష్టంగా చెప్పింది.

"ది ఎగ్స్ ఇన్ అవర్ స్కూల్ డిసప్పియర్ మిస్టీరియస్లీ."

మా బడిలో గుడ్లు అంతుచిక్కకుండా మాయమవుతాయి. వాక్యంలో ఒక్క తప్పు లేదు. టీచరుగా నాకు అంతటి గర్వం, అంతటి భయం ఒకేసారి కలగడం అదే మొదలు.

ఆఫీసరు ముఖం మారింది. నవ్వు పోయి న్యాయం వచ్చింది. "పిల్లల గుడ్లా? గుడ్లు ఎవరి చేతిలో ఉంటాయి?" అని వెంకటయ్య సారును అడిగాడు.

నకిరేకల్ హెడ్మాస్టరైతే రిపోర్టుకు మాట వెతుక్కునేవాడు. వెంకటయ్య సారుకు ఆ అవసరమే రాలేదు. "వంట యాదమ్మ సార్. గుడ్లు, పప్పులు అన్ని ఆమె దగ్గరనే ఉంటయి" అన్నాడు. ఆ జవాబులో ఒక్క అబద్ధం లేదు. పైగా యాదమ్మ జాగాలో తన మరదలిని పెట్టమని సర్పంచి ఎప్పటి నుంచో అడుగుతున్నాడు.

"ఆ వంటమనిషిని ఈ రోజే మార్చండి. భోజనం తర్వాత నేను మళ్ళీ వచ్చి పిల్లల నుంచి తెలుసుకుంటాను."

స్వప్న ఇంకా నిలబడే ఉంది. కూర్చోమని చెప్పాల్సింది నేనే. నాకు ఆ మాట తోచలేదు. ఆ పిల్ల దొంగను చూపించబోయి ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పని పేరు ఉండాల్సిన చోట, ఆఫీసరు అందరికంటే కింద ఉన్న మనిషిని కూర్చోబెట్టాడు. ఆ మనిషి వాళ్ళమ్మ.

పొయ్యి దగ్గర

వంటగది వరండాలో యాదమ్మ గుడ్లు వలుస్తోంది. పెద్దసారు గదికి పోవాల్సిన గుడ్లు. సంగతి అప్పటికే చేరింది. మా బడిలో బెల్లు కంటే వార్తే ముందు వినిపించేది.

"నా బిడ్డ ఏమన్నదట సారూ ఇంగ్లీషుల?"

చెప్పాను.

"నేను తిన్ననన్నదా?"

"అనలేదు. ఎవరని చెప్పలేదు."

"చెప్పకపోతే ఎవ్వల మీదికొస్తది సారూ? పొయ్యి కాడున్నదాని మీదికే గద." ఆమె గొంతు పెంచలేదు. గుడ్డు వలవడం ఆపలేదు. "దానికి ఇంగ్లీషు నేర్పిండ్రు. మంచిదే. ఇంటికాడ నాగలి లేదు, నాటు లేదు. గీ పొయ్యి మీదనే దాని సదువు, చిన్నోని సదువు నడుస్తాంది. గిది పోతే రేపటి సంది అది నా వెంట పత్తి ఏరనీకి వస్తది. గప్పుడు మిస్టీరియస్ ఏముండదు, అందరికి మంచిగ కనవడ్తది."

ఏదో ఒకటి అడగాలని, "పెద్దసారు ఏమన్నడు?" అన్నాను.

"మసాల జర ఎక్కువెయ్యమన్నడు."

కూర వాసన వరండా దాటి పిల్లల వరుస దాకా వచ్చింది. పిల్లలు పళ్ళేల్లో పప్పుచారు పోయించుకుంటూ ఆ వాసనతో అన్నం కలుపుకున్నారు. స్వప్న తినలేదు. నల్లా దగ్గర ఖాళీ పళ్ళెం కడుగుతూ నిలబడింది. శీను వెళ్ళి, "నువ్వు నిజమే చెప్పినవ్ గదనే" అన్నాడు. "సగం చెప్పిన" అంది ఆ పిల్ల.

మధ్యాహ్నం చేతులు

భోజనమయ్యాక ఆఫీసరు వక్కపొడి నములుతూ క్లాసుకు వచ్చాడు. వెనక వెంకటయ్య సారు, ఆయన వెనక సర్పంచి. అందరూ నిండుగా ఉన్నారు.

ఆఫీసరు మెత్తగా అడిగాడు. "పిల్లలూ, భయపడవద్దు. యాదమ్మ గుడ్లు తీసుకుపోతుందని మీలో ఎవరెవరికి తెలుసు? చేతులు ఎత్తండి."

క్లాసంతా చేతులు ఎత్తింది.

అందరూ ఎడమ చేతులే ఎత్తారు. పాపం, వాళ్ళు తమకు నేర్పిన పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించారు. తెలియదు అంటే ఎడమ చెయ్యి. యాదమ్మ గుడ్లు తీసుకుపోతుందని ఆ క్లాసులో ఒక్కరికీ తెలియదు. ఆ ఒక్క మాట చెప్పడానికి వాళ్ళు ఎంత గట్టిగా ఎత్తారంటే కొందరి భుజాలు చెవులకు తాకాయి. స్వప్న అందరికంటే ఎత్తుగా ఎత్తింది.

ఆఫీసరుకు చేతుల అడవి కనిపించింది.

"చూశారా" అన్నాడు వెంకటయ్య సారుతో. "క్లాసంతా సాక్ష్యం."

వెంకటయ్య సారుకు సంగతి అర్థమైంది. ఆయన కట్టిన యంత్రమే కదా. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో ఆజ్ఞ లేదు, వేడుకోలు ఉంది. నేను నోరు తెరిస్తే మా బడికి ఏటా వచ్చిన మంచి పేరంతా ఎడమ చేతి పేరని తేలిపోతుంది. తెరవకపోతే సాయంత్రానికి ఆ పొయ్యి దగ్గర సర్పంచి మరదలు ఉంటుంది.

"సార్, ఒకసారి చేతులు చూడండి" అన్నాను.

"చూస్తున్నాను. అందరూ ఎత్తారు."

"ఏ చెయ్యి ఎత్తారో చూడండి సార్."

ఆయన చూశాడు. చూడటానికి కొంచెం సమయం పట్టింది. చదువుకున్నవాళ్ళకు కుడి ఎడమలు తేల్చుకోవడం కష్టం. పిల్లలు చేతులు దించలేదు, ఎవరూ దించమనలేదు కాబట్టి.

"మా బడిలో తెలిసినవాళ్ళు కుడి చెయ్యి ఎత్తుతారు. తెలియనివాళ్ళు ఎడమది. తమరు వచ్చినప్పుడు చూడ్డానికి బాగుంటుందని."

సర్పంచికి దగ్గు వచ్చింది. వెంకటయ్య సారు కిటికీలోంచి బయట ఆడుతున్న మేకపిల్లను చాలా శ్రద్ధగా గమనించాడు.

"అంటే పొద్దున నేను అడిగినప్పుడు..." అన్నాడు ఆఫీసరు.

"సగానికి పైగా ఎడమ సార్. కానీ అభివృద్ధి ఉంది. పోయిన సంవత్సరం ఇంకా ఎక్కువ."

ఆయన ముఖం ఎర్రబడింది. కోపం వస్తే మనిషి ఒక్కోసారి మంచి ప్రశ్న అడుగుతాడు. ఆయన పిల్లల వైపు తిరిగి, "అయితే గుడ్లు ఎటు పోతున్నాయో ఎవరికైనా తెలుసా?" అన్నాడు.

ఎడమ చేతులు దిగాయి. కుడి చేతులు లేచాయి. వెనక బెంచీ దాకా ఒక్కరు మిగలకుండా. ఎప్పుడూ ఏ ప్రశ్నకూ కుడి చెయ్యి ఎత్తని శీను కూడా ఎత్తాడు. ఆ బడి చరిత్రలో నూటికి నూరు శాతం ఫలితం వచ్చింది అప్పుడే.

"ఇప్పుడు ఎవరిని అడిగినా చెప్తారు సార్" అన్నాను.

ఆయన ఎవరినీ అడిగేలా లేడు. చేతుల మీద నుంచి చూపు తిప్పి తలుపు వైపు చూస్తున్నాడు. కానీ స్వప్న పొద్దున లేచిన పిల్ల. పిలవకుండానే మళ్ళీ లేచింది. ఈసారి ఇంగ్లీషు వాడలేదు.

"మీకే పెట్టింది సారూ మా అమ్మ. పెద్దసారు పెట్టుమన్నడు. ఆఫీసర్లు వచ్చినప్పుడల్ల మీకే పెడ్తది. మాకు పప్పుచారు."

ఆఫీసరు నోట్లో వక్కపొడి నమలడం ఆగిపోయింది. ఆయన ఆ పిల్లను చూశాడు. నాకు ఆయన మీద ఆ క్షణంలో కొంచెం జాలి కలిగింది. మా గుడ్లు తిన్న ఆఫీసర్లలో ఆ సంగతి తెలిసింది ఆయన ఒక్కడికే.

"మీ అమ్మ కూర బాగా చేస్తుంది" అన్నాడు చివరికి. కారు ఎక్కేముందు వెంకటయ్య సారు వైపు తిరిగి, "వంటమనిషిని మార్చవద్దు" అన్నాడు. ఏ ఇంగ్లీషు మాటా వెతుక్కోకుండా తెలుగులోనే అన్నాడు.

దాని ఫలితాలు

ఇది చదివి, నిజం చెప్తే బడులు బాగుపడతాయని మీరు అనుకుంటే, మీ ప్రొబేషన్ ఇంకా పూర్తి కానట్టే. జరిగింది చెప్తాను.

ఇన్‌స్పెక్షన్ రిపోర్టు వచ్చింది. పిల్లల్లో ఇంగ్లీషు మాట్లాడే శక్తి సంతృప్తికరం అని రాశారు. గుడ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఆ రిపోర్టులోంచి అవి మరోసారి మాయమయ్యాయి. చేతుల పద్ధతి మీద కూడా ఏమీ రాయలేదు. రాస్తే దాన్ని ఇన్నేళ్ళూ పసిగట్టని వాళ్ళందరి పేర్లూ రాయాలి.

వెంకటయ్య సారు నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. స్టాఫ్ రూమ్‌కు వచ్చే చాయ్‌లలో నాది మిస్టీరియస్లీ ఆగిపోయింది. తర్వాత ఆయనే ఒకరోజు, "ఖాదర్ సాబ్, నువ్వు చెప్పకుంటే ఏమయ్యేది?" అని అడిగాడు. "యాదమ్మ పొయ్యేది సార్" అన్నాను. "గంతే గద" అన్నాడు. ఆయన దీన్ని ఎకసెక్కంగా అనలేదు. నిజంగానే అంతే అనుకున్నాడు. నేను మీకు చెప్పదలచుకున్న కష్టం ఇదే. చెడ్డ బాసుతో పని చేయడం తేలిక. ఇన్‌స్పెక్షన్ లేని రోజుల్లో మంచివాడుగా ఉండే బాసుతోనే కష్టం.

సర్పంచి మరదలికి అంగన్‌వాడీలో పని దొరికిందని తర్వాత తెలిసింది. ఎట్లా దొరికిందని మీరు అడగరు, నేను చెప్పను.

యాదమ్మ పొయ్యి దగ్గరే ఉంది. స్వప్న పదో తరగతి అక్కడే పాసైంది. ఇంటర్‌కు జడ్చర్ల పోయింది. ఆ పిల్ల వెళ్ళేముందు, ఇకపై వాక్యం చెప్పేటప్పుడు ఎవరు చేశారో మొదటే చెప్పమని ఒక్క సలహా ఇచ్చాను. "చెప్తే ఊకుంటరా సారూ?" అంది. "ఊకోరు. కానీ తప్పు వేరేవాళ్ళ మీదికి పోదు" అన్నాను. కొంచెం ఆలోచించి తల ఊపింది.

ఆఫీసర్ల లోకంలో మాత్రం మా బడి పేరు పాకింది. ఎవరు ఏం చెప్పుకున్నారో తెలియదు గానీ, ఆ తర్వాత మా బడికి వచ్చిన ఏ ఆఫీసరూ అక్కడ అన్నం తినలేదు. కారులో టిఫిన్ డబ్బా తెచ్చుకునేవాళ్ళు. ఒకాయనైతే మంచినీళ్ళు కూడా తన సీసాలోవే తాగాడు. యాదమ్మ నొచ్చుకుంది. "నా వంట బాగలేదని ఎవ్వలన్న చెప్పిండ్రా సారూ?" అని నన్ను అడిగింది. బాగుందన్న సంగతే వాళ్ళను భయపెట్టిందని నేను చెప్పాను. ఆమె నమ్మలేదు.

వెంకటయ్య సారు రెండో ఏర్పాటును తిరగేశాడు. ఇప్పుడు ఇన్‌స్పెక్షన్ ఉందంటే చాలు, అది గుడ్డు రోజైనా కాకపోయినా పిల్లలకు గుడ్డు పడేది. ఆఫీసరుకు కనపడేటట్టు వరండాలో వరుసగా కూర్చోబెట్టి, పళ్ళెంలో పైన పెట్టించేవాడు. మిగతా రోజుల్లో గుడ్డు వస్తే వచ్చేది, లేకపోతే రేపు అనేవాళ్ళు. రేపు ఎప్పటిలాగే రాలేదు.

ఆ బడి నుంచి నేను రిటైరైన రోజు పిల్లలు నా చుట్టూ చేరారు. ఆరో తరగతి పిల్ల ఒకతి, పేరు కూడా నాకు సరిగా గుర్తులేదు, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను వెళ్ళిపోతున్నందుకు బాధపడుతోందేమో అనుకున్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాత్రం ఆశపడే హక్కు నాకు ఉంది.

"సారూ, ఒక్కటి అడుగుతా" అంది.

"అడుగమ్మా."

"ఆఫీసర్లు రోజు ఎందుకు రారు?"